వారపు అదనపు మరణాలు: ఆ చివరి రెండు వారాలు ఎందుకు తక్కువగా కనిపిస్తున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు కమ్యూనిటీ మెడిసిన్ పీజీ. థీసిస్ కోసం ఒక మునిసిపల్ కార్పొరేషన్ నుంచి నాలుగేళ్ల మరణాల రికార్డులు తీసుకుని వారాలుగా విడగొట్టారు. సగటున వారానికి 80 మరణాలు. ఈ మే నెలలో ఒక వారం 104 వచ్చింది. చివరి రెండు వారాలకి మాత్రం 52, 31 ఉన్నాయి. 104 చూసి మీ గైడ్ "వడదెబ్బేనా?" అన్నారు, 31 చూసి "ఇదేం లెక్క?" అన్నారు. అదనపు మరణాలు, అంటే మామూలుగా ఉండాల్సినదానికి మించి వచ్చినవి, తేల్చడానికి సగటుతో పోల్చితే సరిపోతుందా, యూరప్ దేశాల వారపు మరణాల్ని గమనించే యూరోమోమో పద్ధతి వాడాలా అని అడిగారు.

మోడల్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఎక్సెల్‌లో ఉన్నది మనిషి చనిపోయిన తేదీనా, రిజిస్టర్లో ఎక్కిన తేదీనా? మీరు రాయలేదు కానీ ఆ 52, 31 చెప్పేస్తున్నాయి. అది చనిపోయిన తేదీయే. నమోదు తేదీ ప్రకారం లెక్కేసి ఉంటే చివర్లో అలా జారిపోదు. ఎందుకంటే ఈ వారం ఆఫీసుకి వచ్చిన వాళ్లందరూ ఈ వారం లెక్కలోనే పడతారు. చనిపోయిన తేదీ ప్రకారం లెక్కేస్తే, పోయిన వారం చనిపోయినవారిలో చాలామంది వివరాలు ఇంకా ఆఫీసుకే చేరి ఉండవు. కాబట్టి ఆ 31ని పోయిన వారం మరణాల సంఖ్యగా చూడకండి. వాటిలో ఇప్పటిదాకా కాగితం మీదకి వచ్చినవి 31 అంతే.

మన దగ్గర ఈ ఆలస్యం ఎలా పుడుతుందో మీకూ తెలుసు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో తెలియజేయాలి. అది దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు. ఆసుపత్రిలో పోయిన వాళ్ల వివరాలు ఆసుపత్రే పంపుతుంది, అవి తొందరగానే వస్తాయి. ఇంట్లో పోయిన వాళ్ల సంగతి అలా కాదు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ కాగితం ఎవరికీ గుర్తు రాదు. ఆ తర్వాత కూడా బ్యాంకు ఖాతా, ఎల్ఐసీ, పెన్షన్, పొలం పేరు మార్పు లాంటి పని ఏదో పడితేనే కదులుతారు. ఆస్తీ ఖాతా ఏమీ లేని ముసలమ్మ పోతే సర్టిఫికెట్ కోసం తొందరపడే వాళ్లెవరు? అందుకే ఆలస్యం అందరికీ ఒకేలా ఉండదు. ఆడవాళ్లు, పిల్లలు, ఇంట్లో పోయిన వృద్ధులు లెక్కలోకి ఆలస్యంగా వస్తారు, కొందరు అసలు రారు.

ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా చెబుతున్నాను, వారపు నిఘాలో కష్టమంతా ఇక్కడే. బేస్‌లైన్ (మామూలుగా ఉండాల్సిన మరణాల అంచనా) గురించి వాదించుకునే వాళ్లు బోలెడుమంది దొరుకుతారు. ఆలస్యాన్ని కూర్చుని కొలిచే వాళ్లు తక్కువ.

కొలవడం కష్టమేమీ కాదు. ప్రతి రికార్డుకీ రెండు తేదీలూ తీసుకోండి. అడ్డ వరుసల్లో చనిపోయిన వారం, నిలువు వరుసల్లో ఎన్ని వారాల తర్వాత నమోదైంది అనేది పెట్టి ఒక పట్టిక వేయండి. పాత వారాలకి పట్టిక నిండుగా ఉంటుంది, కొత్త వారాలకి కుడివైపు గళ్లు ఖాళీగా ఉంటాయి. మొత్తం చూస్తే త్రికోణంలా కనిపిస్తుంది. నిండుగా ఉన్న వరుసల నుంచి సగటున మొదటి వారంలో ఎంత శాతం వస్తాయో, రెండో వారానికి ఎంతో, నాలుగో వారానికి ఎంతో తెలుస్తుంది. మాటవరసకి మీ ఊళ్లో మొదటి వారానికి 35 శాతం, రెండో వారానికి 62 శాతం చేరతాయనుకుందాం. అప్పుడు 31ని 0.35తో భాగిస్తే 89, 52ని 0.62తో భాగిస్తే 84. అంటే ఆ రెండు వారాల్లో మరణాలేమీ తగ్గలేదు.

ఇక్కడితో ఆగిపోతే మళ్లీ తప్పే. ఆ 35 శాతం ప్రతి వారం 35గానే ఉండదు. ఒక వారం 25, ఇంకో వారం 45 ఉండొచ్చు. అప్పుడు అదే 31 నుంచి 69 కూడా రావచ్చు, 124 కూడా రావచ్చు. మొదటిది మామూలు కంటే తక్కువ, రెండోది అందరికీ టెన్షన్ పుట్టించే అంకె. కాబట్టి చివరి వారానికి ఒక్క అంకె రాయకండి, ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో ఆ వ్యాప్తి రాయండి. ఆ వ్యాప్తి మరీ వెడల్పుగా ఉంటే ఆ వారాన్ని గ్రాఫ్‌లో పెట్టకపోవడమే మంచిది. యూరోమోమో కూడా ఈ దిద్దుబాటు చేసే ప్రచురిస్తుంది, అయినా చివరి వారాలను జాగ్రత్తగా చదవమని చెబుతుంది. డెన్మార్క్‌లో మరణం రోజుల్లోనే రికార్డుకెక్కుతుంది. వాళ్లకే ఆ జాగ్రత్త అవసరమైతే మనకి ఎంత అవసరమో ఆలోచించండి.

మరి నమోదు తేదీనే వాడితే ఈ గొడవ ఉండదు కదా అంటారేమో. ఇంగ్లండ్, వేల్స్ వారపు పట్టిక సరిగ్గా అలాగే నడిచింది. శుక్రవారంతో ముగిసే వారంలో నమోదైన మరణాలు అవి. అందుకే క్రిస్మస్ సెలవుల్లో మరణాలు తగ్గిపోయినట్టు, జనవరి మొదట్లో పెరిగిపోయినట్టు ఏటా కనిపించేది. అక్కడ మామూలు మరణాన్ని అయిదు రోజుల్లో నమోదు చేయించాలి, కానీ కరోనర్ (అసహజ మరణాల్ని విచారించే అధికారి) విచారణకి వెళ్లిన ఆత్మహత్యలు, ప్రమాదాలు నెలల తర్వాత రిజిస్టర్‌కి ఎక్కుతాయి. 2024 సెప్టెంబర్‌లో కరోనర్ దగ్గరికి వెళ్లని ప్రతి మరణాన్నీ మెడికల్ ఎగ్జామినర్ అనే డాక్టరు పరిశీలించే విధానం తప్పనిసరి చేశారు. దాంతో నమోదుకు పట్టే సమయమే మారిపోయింది. నమోదు తేదీ లెక్క అంటే జనం చావు లెక్కలో ఆఫీసు పనివేళలు కూడా కలిసిపోతాయన్నమాట. మన దగ్గర సర్వర్ డౌన్ అయిన వారం, రిజిస్ట్రార్ సెలవు పెట్టిన వారం, ఎన్నికల డ్యూటీ పడిన వారం అన్నీ అందులోకి వచ్చేస్తాయి. 2020 లాక్‌డౌన్ మొదట్లో మన దేశంలో చాలా చోట్ల నమోదులు తగ్గాయి. జనం చావడం తగ్గిందని దాన్ని చదివిన వాళ్లూ ఉన్నారు.

అయినా ఇంత శ్రమ ఎందుకు అంటే అదే ఇంగ్లండ్ ఉదాహరణ చూడండి. 2020 ఏప్రిల్ 17తో ముగిసిన వారంలో ఇంగ్లండ్, వేల్స్ కలిపి 22,351 మరణాలు నమోదయ్యాయి. ఐదేళ్ల సగటు కంటే 11,854 ఎక్కువ. ఆ వారం ధ్రువపత్రాల్లో కోవిడ్ ప్రస్తావన ఉన్నవి 8,758. మిగతా మూడు వేల పైచిలుకు ఎక్కడివి? టెస్టులు చేయక గుర్తించని కోవిడ్ కొంత, గుండెనొప్పి వచ్చినా ఆసుపత్రికి వెళ్లడానికి భయపడి ఇంట్లోనే పోయిన వాళ్లు కొంత కావచ్చు. ఏది ఎంతో ఆ అంకె చెప్పదు, కానీ వెతకమని చెప్పింది. కోవిడ్ కేసుల లెక్క ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఆ మూడు వేలు కనిపించేవే కావు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. లండన్‌లో 17వ శతాబ్దంలోనే వారం వారం మరణాల పట్టిక అచ్చయ్యేది. జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఆ కాగితాలు పోగేసి 1662లో ఒక పుస్తకం వేశాడు. 1625లో ప్లేగు మరణాలు 35 వేల చిల్లర అని పట్టికలో ఉంది. ప్లేగు కాని మరణాలు చూస్తే 18 వేలు దాటాయి. ముందు వెనక ఏడాదుల్లో అవి ఏడెనిమిది వేలే. కాబట్టి ఇంకో 11 వేల దాకా ప్లేగు చావుల్ని వేరే పేర్లతో రాశారని ఆయన తేల్చాడు. కంప్యూటర్ లేదు, రిగ్రెషన్ లేదు. మామూలుగా ఎంతమంది పోతారో తెలుసు, అంతే.

ఇప్పుడు మీ 104 సంగతి. వారానికి 80 మరణాలు అనుకునే చోట, ఏ కారణమూ లేకుండా కేవలం యాదృచ్ఛికంగానే అంకె పైకీ కిందకీ ఊగుతుంది. ఇలాంటి సంఖ్యలకి వాడే పాయిసన్ అనే గణాంక సూత్రం ప్రకారం ఆ ఊపు 80కి వర్గమూలం, అంటే సుమారు 9. 104 అంటే సగటుకి 24 ఎక్కువ, అంటే ఆ ఊపుకి 2.7 రెట్లు. దీన్నే జెడ్ స్కోరు అంటారు. ఇది చూసి గట్టి సంకేతమే అనిపిస్తుంది. కానీ మరణాల లెక్కలు పాయిసన్ ఊహించినంత బుద్ధిగా ఉండవు, ఊపు ఇంకా ఎక్కువ ఉంటుంది. మీ నాలుగేళ్ల డేటాలో అసలు ఊపు 12 ఉందనుకోండి, జెడ్ స్కోరు 2కి దిగుతుంది. ఏడాదికి 52 వారాలు చూస్తుంటే 2 దాటే వారం ఒకటో రెండో ఉత్తపుణ్యానికే వస్తాయి. అందుకని ఒక్క వారం చూసి పత్రికా ప్రకటన ఇచ్చేయకూడదు. పక్క వారం కూడా 100 దగ్గర ఉందా? పెరిగినవి ఏ వయసు వాళ్ల మరణాలు? పక్క పట్టణంలో ఎలా ఉంది? ఈ మూడూ కలిసొస్తే అప్పుడు కదలండి. 30 శాతం పెరిగింది అనే మాట ఒక్కటే రాస్తే ఏమీ తెలియదు. వారానికి 800 మంది పోయే మహానగరంలో 30 శాతం పెరుగుదల పెద్ద ఉపద్రవం. వారానికి 12 మంది పోయే మండలంలో 16 మంది పోవడం మామూలు సంగతి.

అన్నట్టు, ఆ వారం నమోదుల్ని ఒకసారి తెరిచి చూడండి. డూప్లికేట్లు పడ్డాయా? ఏదైనా ఆసుపత్రి రెండు నెలల పాత ఫారాలు ఒకేసారి పంపి, చనిపోయిన తేదీ గడిలో పంపిన తేదీ వేసేశారా? సంకేతం వచ్చినప్పుడు ముందు అనుమానించాల్సింది డేటాని, తర్వాతే వాతావరణాన్ని.

యూరోమోమో మోడల్‌ని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోవద్దు. అది 2008లో మొదలైంది, కోపెన్‌హాగెన్‌లోని స్టాటెన్స్ సీరమ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి నడుస్తుంది. అందరిదీ ఒకే పద్ధతి కాబట్టి దేశాల్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చు, అదే దాని బలం. దాని బేస్‌లైన్ వేసేది వసంతం, శరత్తు వారాలతో మాత్రమే. చలికాలంలో ఫ్లూ, ఎండాకాలంలో వేడిగాలులు ఉంటాయి కాబట్టి అవి రెండూ లేని ప్రశాంతమైన వారాలు ఏరుకున్నారు. యూరప్‌కి అది తెలివైన పని. ఆ వసంతం వారాలు ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా వస్తాయి. మనకి రోహిణి కార్తె ఎండలు కాసేది సరిగ్గా ఆ వారాల్లోనే. ఆ మోడల్‌ని విజయవాడకో రామగుండానికో పెడితే వడగాడ్పుల చావులన్నీ 'మామూలు'లోకి వెళ్లిపోతాయి. వాళ్ల శరత్తు వారాలేమో మన డెంగీ, విషజ్వరాల కాలం. మీరు ఏ సంకేతం కోసం వెతుకుతున్నారో అదే బేస్‌లైన్ లోపల కూర్చుంటుంది.

మీకైతే అన్ని వారాలూ పెట్టి, ఋతువుల కోసం సైన్ కొసైన్ పదాలు, ఏళ్లవారీ మార్పుకి ఒక గీత చాలు. ఆ తర్వాత బాగా పైకి లేచిన పాత వారాలకి బరువు తగ్గించి మళ్లీ ఫిట్ చేయండి. ఫారింగ్‌టన్ పద్ధతి చేసేది దాదాపు ఇదే. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కోవిడ్ కాలంలో అదనపు మరణాలకు దాన్నే వాడింది. ఏళ్లవారీ గీత విషయంలో మాత్రం జాగ్రత్త. మన దగ్గర మరణాలు పెరగకపోయినా నమోదు మెరుగుపడుతూ వచ్చింది. ఆ పెరుగుదలని గీత మింగేయాలి. మీకున్నది నాలుగేళ్ల డేటాయే కాబట్టి ఆ గీత చాలా వణుకుతుంది. వంకర గీతల జోలికి వెళ్లకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో జర్మనీకి వంకర గీతతో ముందుకు సాగదీసి అదనపు మరణాలు మరీ ఎక్కువ చూపించింది, తర్వాత సవరించుకోవాల్సి వచ్చింది.

ఉత్త సగటు సరిపోదా అని అడిగారు కదా. సగటు ఏ ఏళ్లది అనే ప్రశ్నకి జవాబు ఉంటే ఒక మోస్తరుగా సరిపోతుంది. బ్రిటన్ గణాంక కార్యాలయం చాలాకాలం ఐదేళ్ల సగటే వాడింది. 2020ని మాత్రం పక్కన పెట్టింది. కానీ జనాభా పెరుగుతోంది, ముసలివాళ్లు పెరుగుతున్నారు. పాత సగటు ఆ సంగతి పట్టించుకోదు. 2024 ఫిబ్రవరిలో వయసు, జనాభా మార్పుల్ని లెక్కలోకి తీసుకునే కొత్త పద్ధతికి మారారు. 2023కి పాత పద్ధతిలో దాదాపు 31 వేల అదనపు మరణాలు ఉండగా, కొత్త పద్ధతిలో 11 వేలకి దిగాయి. చనిపోయినవాళ్ల సంఖ్య మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. అందుకే ఎవరైనా అదనపు మరణాల అంకె ఒకటి తెచ్చి వాట్సాప్‌లో "చూశారా, వ్యాక్సిన్ వల్లే" అంటే, దేనికంటే అదనం అని అడగండి. ఆ సగటులో ఏ ఏళ్లున్నాయో చెప్పలేని వాళ్లతో వాదన దండగ.

ఎండల గురించి ఒక మాట. మన దేశంలో ఈ పద్ధతికి మంచి ఉదాహరణ అహ్మదాబాద్. 2010 మేలో అక్కడ ఎండలు 46 డిగ్రీలు దాటాయి. ఆ నెల మొత్తం మరణాలు 4,462. ముందు వెనక ఏడాదుల మే నెలలతో పోల్చితే 1,344 ఎక్కువ, అంటే 43 శాతం. ఇంతమందీ వడదెబ్బ అని రాసి ఉన్నవాళ్లు కాదు. గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు ఎండకి తట్టుకోలేక పోయారు, సర్టిఫికెట్‌లో మాత్రం గుండెపోటు అనే ఉంటుంది. 2013లో ఆ నగరం దక్షిణాసియాలో మొదటి హీట్ యాక్షన్ ప్లాన్ (వడగాడ్పుల ముందుజాగ్రత్త ప్రణాళిక) తెచ్చుకుంది. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బ మృతుల లెక్కలు రోజూ పేపర్లో చూశాం. ఆ లెక్క అధికారులు నిర్ధారించిన వడదెబ్బలది. మొత్తం మరణాల లెక్కతో వచ్చే అదనం వేరు. మీ థీసిస్‌లో ఈ రెండూ కలపకండి. ఇంకో సంగతి, ఎండ ప్రభావం అదే రోజు, మరుసటి రోజు కనిపిస్తుంది. మూడు రోజుల వడగాలిని ఏడు రోజుల వారంలో కలిపితే పలచబడిపోతుంది. ఎండల అధ్యాయానికి రోజువారీ లెక్క తీయండి, ఉష్ణోగ్రతతో పక్కపక్కన పెట్టండి.

మీ కార్పొరేషన్‌లో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంటే ఇంకో చిక్కు. మన దగ్గర మరణం జరిగిన చోటే నమోదవుతుంది, ఊరు ఏదైనా సరే. గుంటూరు జీజీహెచ్‌లో పోయిన పల్నాడు మనిషి గుంటూరు లెక్కలో ఉంటాడు. కాబట్టి ఆ 80 మందీ మీ నగరవాసులు కారు. దాన్ని నగర జనాభాతో భాగించి మరణాల రేటు అని రాస్తే ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే అది వేస్తాడు. ఫారంలో నివాస చిరునామా ఉంటుంది, దాంతో విడగొట్టండి. నగరవాసులు, బయటివాళ్లు అని రెండు గ్రాఫులు వేస్తే బాగుంటుంది. బయటివాళ్ల గ్రాఫు పెరిగితే చుట్టుపక్కల పల్లెల్లో ఏదో జరుగుతోందని అర్థం కావచ్చు, లేదా ఆసుపత్రిలో కొత్త ఐసీయూ తెరిచారని కావచ్చు.

కారణం దగ్గరికి వస్తే మన డేటా బలహీనమే. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం. కాబట్టి మొత్తం మరణాల లెక్కే మనకి నమ్మకమైన ఆధారం. దాన్ని తొందరగా చూడగలిగితే ఎంత ఉపయోగమో 2021లో చూశాం. ఆ మేలో ఆంధ్రప్రదేశ్ జనన మరణాల నమోదు వ్యవస్థ సీఆర్ఎస్‌లో దాదాపు 1.3 లక్షల మరణాలు నమోదైనట్టు జూన్‌లో జర్నలిస్టులు బయటపెట్టారు. మామూలు మే నెలల్లో అది 27 వేల చుట్టూ ఉండేది. ఆ సమాచారం ఉన్నది ప్రభుత్వ కంప్యూటర్లలోనే, కానీ దాన్ని వారం వారం తెరిచి చూసే బాధ్యత ఎవరిదీ కాదు. ఇక దేశం మొత్తం 2021 లెక్క, అంటే కోటీ రెండు లక్షల మరణాలు, 2025 మేలో గానీ బయటికి రాలేదు. అంతకు ముందు ఏడాది 81 లక్షలు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన లెక్క చరిత్రకి పనికొస్తుంది. ఆక్సిజన్ పడకలు పెంచాలా వద్దా అని నిర్ణయించాల్సిన జిల్లా వైద్యాధికారికి దాంతో ఏం పని?

నమోదు ఆలస్యాన్ని దాటడానికి ఒక దారి మీ చేతిలోనే ఉంది. మునిసిపల్ శ్మశానవాటికల రిజిస్టర్లు, ఖబరస్థాన్లు, చర్చి సమాధుల లెక్కలు ఏ రోజుకారోజు రాస్తారు. వయసు, కారణం సరిగా ఉండవు కానీ సంఖ్య ఉంటుంది. ఒక ఏడాదికి వాటిని, మీ త్రికోణం నుంచి దిద్దిన అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిసి కదిలితే మీ థీసిస్‌లో అందరికంటే పనికొచ్చే అధ్యాయం అదే అవుతుంది.

వారాన్ని సోమవారం నుంచి ఆదివారం దాకా పెట్టుకోండి. ఐడీఎస్‌పీ (ప్రభుత్వ వ్యాధుల నిఘా కార్యక్రమం) వారం అదే, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) వారమూ అదే. జ్వరాల రిపోర్టులతో నేరుగా పోల్చుకోవచ్చు. 2020లో, 2026లో 53 వారాలున్నాయి. ఎక్సెల్ మామూలు వీక్‌నమ్ ఫార్ములా వాడితే జనవరి మొదటి రోజులు ఒక చిన్న ముక్క వారంగా పడి, అక్కడ మరణాలు దారుణంగా తగ్గినట్టు చూపిస్తుంది. ఐఎస్ఓవీక్‌నమ్ వాడండి. ఆ త్రికోణం పట్టిక వేశాక, పేర్లూ చిరునామాలూ తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.